కావలి నుంచి డాలస్: గాల్లో 19 గంటలు, గడియారంలో 35

కావలి నుంచి డాలస్‌కు ఎంతసేపు పడుతుందని బయల్దేరకముందు ముగ్గుర్ని అడిగాను. ఒకాయన పద్దెనిమిది గంటలన్నాడు. ఇంకొకాయన ఒకటిన్నర రోజన్నాడు. మూడో ఆయన, మధ్యాహ్నం ఇంట్లో అన్నం తిని కారెక్కితే మర్నాడు మధ్యాహ్నం అన్నం కూతురింట్లో తినొచ్చన్నాడు. 2024 అక్టోబరు 22న వెళ్లి 2025 జనవరి 13న తిరిగొచ్చాక లెక్క చూసుకుంటే ముగ్గురూ నిజమే చెప్పారు. ఎవరు దేన్ని కొలిచారన్నదే తేడా. జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకుని, ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి ప్రతి మజిలీకీ టైము రాసుకున్నాను. ఆ అంకెలే ఇవి.

టికెట్లు కొనకముందే దూరం సంగతి తేల్చుకుందామని అటక మీద ఉన్న పాత స్కూలు గ్లోబు దించాను. అడ్డకొలత 20 సెంటీమీటర్లు. నడుము చుట్టూ 63కి పిసరు తక్కువ. భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లు కాబట్టి గ్లోబు మీద ఒక్కో సెంటీమీటరూ 637 కిలోమీటర్ల కింద లెక్క. పూలు కట్టే దారం ఒక కొస చెన్నై మీద, రెండో కొస డాలస్ మీద అదిమిపెట్టి బిగించాను. దారం ఐరోపా మీదుగా పోతుందనుకున్నాను. అది జారి జారి పైకి పోయి, గ్లోబును ఇరుసుకు పట్టి ఉంచే మేకు తలను ఒరుసుకుంటూ ఆగింది. ఉత్తర ధ్రువం అది. చెన్నై 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పశ్చిమం మీద. కలిపితే 177. భూమికి ఒకటి ఈ పక్క, ఒకటి సరిగ్గా ఆ పక్క. అందుకే దగ్గరి దారి తూర్పూ కాదు, పడమరా కాదు. నిట్టనిలువుగా ఉత్తరానికి పోయి, ధ్రువానికి 350 కిలోమీటర్ల పక్కగా దాటి, అవతలివైపు దిగడమే. దారం కొలిస్తే 23.4 సెంటీమీటర్లు వచ్చింది. అంటే 14,900 కిలోమీటర్లు.

మంగళవారం టికెట్లు తీశానని తెలిసి మా అత్తయ్య, "మంగళవారం ఉత్తరం శూల గదా నాయనా" అంది. మళ్లీ తనే, "అమెరికా పడమటి దిక్కు గదా, పర్లేదులే" అని సర్దుకుంది. దారం సంగతి ఆమెకు చెప్పలేదు.

పెద్ద విమానం గంటకు 900 కిలోమీటర్ల చొప్పున పోతుంది. ఆ లెక్కన 14,900కు పదహారున్నర గంటలు. నెట్‌లో రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే వచ్చే 'ప్రయాణ సమయం' ఇదే భాగహారం. కొన్ని చోట్ల వేగం కాస్త తగ్గించుకుని, ఎక్కడానికీ దిగడానికీ అని ఓ అరగంట కలుపుతారు. మొదటాయన చెప్పిన పద్దెనిమిది గంటలు అక్కడివే. ఆ భాగహారంలో తప్పేమీ లేదు, ఆ దారిన పోయే విమానమే లేదు. అంత దూరం ఎగరగల విమానాలు లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లు ఆగకుండా పోతున్నారు. చెన్నై, డాలస్‌ల మధ్య మాత్రం ఎక్కడో ఒకచోట దిగి మారాల్సిందే.

ఎక్కడ మారితే దూరం తగ్గుతుందోనని మళ్లీ కొలిచాను. ఇక్కడే ఆశ్చర్యపోయాను. దుబాయ్ మీదుగా 2,930, 12,920 కలిపి 15,850. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,590, 8,260 కలిపి 15,850. లండన్ మీదుగా 8,230, 7,630 కలిపి 15,860. దోహా అయితే ఇంకో 180 ఎక్కువ. ఇంత పెద్ద ప్రయాణంలో పది కిలోమీటర్ల తేడా ఒక తేడానా? కాబట్టి దూరం చూసి దారి ఎంచుకోవడమన్నది లేదు. చూడాల్సింది నడుమ ఊళ్లో ఎన్ని గంటలు కూర్చోబెడతారనే. ఇంకోటి, పెద్దవాళ్లకు మొదట నాలుగు గంటలు ఎగిరి ఆ తర్వాత పదహారు గంటలు ఒకే సీట్లో కూర్చోవడం మంచిదా, ఎనిమిది, పది చొప్పున చెరిసగం పంచుకోవడం మంచిదా అన్నది. మోకాళ్ల నొప్పులుంటే చెరిసగమే మేలని ఇప్పుడు చెబుతాను. అప్పుడు తెలియదు.

ఆగస్టు 9న బుక్ చేశాను. దుబాయ్ మీదుగా రానూపోనూ మనిషికి 1,18,400. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా తొమ్మిది వేలు తక్కువకే ఉంది గానీ పోయేటప్పుడు నడుమ ఏడు గంటలు ఆగాలి. దుబాయ్‌లో 2 గంటల 10 నిమిషాలే. అదే చూసుకుని మురిసిపోయి డబ్బు కట్టేశాను. వచ్చేటప్పుడు దుబాయ్‌లో ఎంతసేపో చూడలేదు. దాని సంగతి తర్వాత. అబుదాబి మీదుగా పోతే అమెరికా ఇమ్మిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, అమెరికాలో లోకల్ విమానం దిగినట్టు దిగి బయటికి రావచ్చు. ఇదీ నాకు ఆలస్యంగా తెలిసింది.

టికెట్టు చదవడం దగ్గర చాలామంది తడబడతారు. దాని మీద ప్రతి టైమూ ఆ ఊరి టైమే. మాది ఇలా ఉంది: చెన్నైలో 21:50, దుబాయ్‌లో 00:30, మళ్లీ అక్కడ 02:40, డాలస్‌లో 09:40. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. డాలస్ అక్టోబరులో పదిన్నర గంటలు వెనక. డాలస్ 09:40కి పదిన్నర కలిపితే మన రాత్రి 8:10. అంటే చెన్నైలో గేటు వదిలిన దగ్గర్నుంచి డాలస్‌లో గేటు చేరేదాకా 22 గంటల 20 నిమిషాలు. టైము పక్కన కనబడే '+1' మర్నాటి తేదీకి గుర్తు. అర్ధరాత్రి దాటాక బయల్దేరే విమానాల తేదీ సరిగా చూసుకోక ఒకరోజు ఆలస్యంగా ఎయిర్‌పోర్టుకు పోయినవాళ్లున్నారు.

అక్టోబరు 22 మధ్యాహ్నం సరిగ్గా 12 గంటలకు బయల్దేరాం. రాత్రి 9:50 విమానానికి పన్నెండింటికే ఏందని ఇంట్లో అందరూ అన్నారు. మన నెల్లూరు జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ప్రయాణమంటే వాయుగుండాన్ని కూడా టికెట్టులో కలుపుకోవాలి. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. 2023 డిసెంబరు 4న మిచాంగ్ తుఫానుకు చెన్నై రన్‌వే మీదికే నీళ్లొచ్చి ఎయిర్‌పోర్టు మూసేశారు. మాకు వాన లేదు గానీ రెడ్‌హిల్స్ దగ్గర లారీల వరసలో 40 నిమిషాలు నిలబడ్డాం. ముసునూరు టోల్ దగ్గర్నుంచి నల్లూరు టోల్ దాకా రోడ్డు నున్నగానే ఉంటుంది, పుళల్ చేరాకే అసలు కథ. అక్కడ ఊళ్లోకి పోకుండా మధురవాయల్, పోరూర్ బైపాస్ పట్టుకోవాలి. కారు మీటరు ప్రకారం 238 కిలోమీటర్లు, 4 గంటల 50 నిమిషాలు. టోళ్లతో కలిపి కారుకు 8,500. సామాను తక్కువైతే పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగి, అక్కడ్నుంచి మెట్రోలో నేరుగా ఎయిర్‌పోర్టుకు పోవచ్చు. 23 కిలోల పెట్టెలు నాలుగు పెట్టుకుని ఆ మాట తలుచుకోకూడదు. మా దగ్గర్లోని దగదర్తిలో ఎయిర్‌పోర్టు వస్తుందని ఏళ్లుగా వింటున్నాం. వచ్చినా డాలస్‌కు పోవాలంటే చెన్నైయో హైదరాబాదో పోవాల్సిందే.

4:50కి ఎయిర్‌పోర్టు టి2 టెర్మినల్ చేరాం. చెకిన్ కౌంటర్లు 6:20కి తెరిచారు. అప్పటిదాకా పెట్టెల మీద కూర్చుని అద్దాల్లోంచి చూస్తుంటే పావు తక్కువ ఆరుకు పొద్దుగూకింది. ఈ టైము కూడా ఎందుకో నోటుబుక్కులో రాశాను, తర్వాత పనికొచ్చింది.

విమానం 'బయల్దేరడం' అంటే మూడు వేర్వేరు సంగతులు. తలుపులు 9:45కి మూశారు. గేటు వదిలింది 9:58కి. చక్రాలు నేల విడిచింది 10:17కి. టికెట్టులో రాసే సమయం గేటు నుంచి గేటుకు. నెట్‌లో లెక్కగట్టేది గాల్లో ఉన్నంతసేపు. రెండు విమానాల్లో, నాలుగుసార్లు నేల మీద పాకింది కలిపితే 66 నిమిషాలు తేలింది. దుబాయ్ వరకు గాల్లో 3 గంటల 42 నిమిషాలు. సీటు ముందు తెర మీద ఎదురుగాలి అని చూపిస్తూ నేల మీది వేగం 820 దాటలేదు.

దుబాయ్‌లో 12:29కి దిగితే తలుపు దగ్గరికి వచ్చేసరికి 12:41. పైగా గొట్టపు దారి లేదు, మెట్లు దిగి బస్సెక్కించారు. బస్సులో 12 నిమిషాలు. ఆపైన సెక్యూరిటీ మళ్లీ మొదటినుంచి: బెల్టు, బూట్లు విప్పాం, చెన్నైలో లోపల కొన్న నీళ్ల సీసాలు అక్కడే వదిలాం. 1:20 అయింది. అమెరికా విమానాల గేటు దగ్గర ఇంకో తనిఖీ ఉంటుంది. మా ఆవిడ బోర్డింగ్ పాసు మీద ఎస్‌ఎస్‌ఎస్‌ఎస్ అని నాలుగు అక్షరాలు పడ్డాయి. అవి పడితే పక్కకు తీసుకుపోయి చేతులు, సంచి, ఫోను విడిగా చూస్తారు. 12 నిమిషాలు పట్టింది. భయపడాల్సిందేమీ లేదు గానీ ముందే తెలియకపోతే గుండె జారుతుంది. ఆమె ముఖం చూస్తే నాకూ జారింది. 2 గంటల 10 నిమిషాల వ్యవధి అని మురిసిపోయాను గదా, అందులో మేము నిమ్మళంగా కూర్చున్నది పావుగంట. చక్రాల కుర్చీ అవసరమున్నవాళ్లు మూడు గంటలకు తక్కువ తీసుకోవద్దు.

రెండో విమానం 3:14కి లేచింది. బోయింగ్ 777, వరసకు పది సీట్లు, మూడు, నాలుగు, మూడు. నడవ పక్క సీట్లు ముందే ఎంచుకున్నాం. ఈ దూరానికి కిటికీ మోజు పనికిరాదు. దుబాయ్ నుంచి పైకి పోయే దారి ఆ రోజు ఏ దేశం ఆకాశం తెరిచి ఉందో దాన్ని బట్టి కాస్త ఇటో అటో జరుగుతుంది. పటం మీద తిన్నగా కనబడే గీత విమానం ఎప్పుడూ పట్టదు. దారం లెక్కన 12,920 కావాల్సింది, దిగేటప్పుడు తెర మీద 13,540 చూపించింది. చెన్నై, దుబాయ్ నడుమ 2,930 బదులు 3,060. అంతా కలిపితే 16,600. ధ్రువం మీది దారం కంటే 1,700 ఎక్కువ, అంటే రెండు గంటల ఎగురుడు.

కష్టం మొదలయ్యేది తొమ్మిదో గంటలో. ఎనిమిది గంటలదాకా నిద్రో, తిండో, సినిమానో గడిచిపోతుంది. తొమ్మిదో గంటలో లేచి తెర చూస్తే 'ఇంకా 6 గంటల 50 నిమిషాలు' అని ఉంటుంది. ఆ అంకె మీద కోపమొచ్చింది. బూట్లు విప్పితే మళ్లీ ఎక్కలేదు, పాదాలు అంత వాచాయి. ఒక సైజు పెద్ద చెప్పులు వేసుకోవాల్సింది. గంటన్నరకోసారి లేచి వెనక వంటగది దాకా నడిచొచ్చాం. బీపీ మాత్ర ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో బయల్దేరేముందే డాక్టరు దగ్గర అడిగి ఉంచుకున్నాం: దిగేదాకా ఇండియా టైము, దిగాక రెండు రోజుల్లో మెల్లగా అక్కడి టైము. అందుకే నా చేతి గడియారం డాలస్ చేరేదాకా తిప్పలేదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఈ లెక్క డాక్టరుతో కాగితం మీద రాయించుకుని మరీ పోవాలి.

ఇంకో వింత. కిటికీ తెర ఎప్పుడు ఎత్తినా చీకటే. నార్వే పక్కన చీకటి, గ్రీన్‌లాండ్ మీద చీకటి. అంత ఎత్తు అక్షాంశంలో భూమి తిరిగే వేగం కంటే విమానం వేగమే ఎక్కువ. పడమటికి పోతున్నాం కాబట్టి తెల్లవారుజాము వెనకే తరుముకొస్తున్నా మమ్మల్ని అందుకోలేదు. కెనడా దాటి దక్షిణానికి రావడం మొదలెట్టాకే సూర్యుడు కనబడ్డాడు. నా గడియారంలో అప్పుడు సాయంత్రం 5:40. చెన్నైలో పొద్దుగూకింది ముందురోజు 5:45కి. మా రాత్రి దాదాపు 24 గంటలు నడిచింది. ఆ రాత్రిలో మూడుసార్లు భోజనం పెట్టారు. ఏది రాత్రి భోజనమో, ఏది టిఫినో పొట్టకు తెలియలేదు.

డాలస్‌లో పొద్దున 9:42కి దిగాం. గాల్లో 15 గంటల 28 నిమిషాలు. ఇమ్మిగ్రేషన్ వరసలో 70 నిమిషాలు. ఎన్ని నెలలుంటారు, ఎవరింట్లో ఉంటారు, తిండి వస్తువులేం తెచ్చారు, ఇంతే అడిగారు. ఆవకాయ, పొడులు, మలైకాజా అని ఉన్నదున్నట్టు చెప్పాం, పొమ్మన్నారు. అక్కడి 12:35కి కూతురింటి గడప తొక్కాం.

మంగళవారం మధ్యాహ్నం 12కి బయల్దేరి బుధవారం మధ్యాహ్నం 12:35కి చేరాం. మూడో ఆయన చెప్పిన అన్నం లెక్క అక్షరాలా నిజం. పదిన్నర గంటలు కలిపితే 35 గంటల 5 నిమిషాలు. రెండో ఆయన ఒకటిన్నర రోజూ నిజమే. ఇందులో గాల్లో ఉన్నది 19 గంటల 10 నిమిషాలు. మిగతా పదహారు గంటల్లో పెద్ద వాటా చెన్నై ఎయిర్‌పోర్టులో 5 గంటల 8 నిమిషాలు, ఆ తర్వాత కావలి, చెన్నై రోడ్డు.

తిరుగు ప్రయాణానికి ఒక గంట మారింది. నవంబరు 3న అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పారు, తేడా పదకొండున్నర అయింది. ఇంటికి ఫోన్లు చేసే టైములన్నీ ఒక్కరాత్రిలో తారుమారయ్యాయి. జనవరి 9, 10 తేదీల్లో డాలస్‌లో మంచు పడి విమానాలు పెద్దఎత్తున రద్దయ్యాయి. మాది 11వ తేదీ, శనివారం. రెండు రాత్రులు నిద్ర లేదు. ఆ పొద్దుటికి ఎండ కాసింది.

పొద్దున 8కి ఇంట్లో బయల్దేరాం. విమానం 12:22కి లేచి, 13 గంటల 41 నిమిషాల్లో దుబాయ్ చేరింది. అవే రెండు ఊళ్లు, పోయేటప్పటి కంటే 1 గంట 47 నిమిషాలు తక్కువ. పైన పది కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి ఉంటుంది, చలికాలంలో మరీ జోరు. అందుకే తూర్పుకు వచ్చేటప్పుడు దాన్ని పట్టుకోవడానికి వీలుగా విమానాన్ని ఇంకాస్త దక్షిణంగా, అట్లాంటిక్ మీదుగా తెస్తారు. తెర మీద ఒక దశలో వేగం 1,080 కనబడింది. ఆ రాత్రి ఏడెనిమిది గంటల్లోనే తెల్లారిపోయింది. దుబాయ్ నుంచి చెన్నైకీ అంతే, పోయేటప్పుడు 3:42, వచ్చేటప్పుడు 3:18. రెండు విమానాలూ కలిపి గాలి మాకు మిగిల్చింది 2 గంటల 11 నిమిషాలు.

ఆ మిగిల్చిందంతా దుబాయ్ మింగేసింది. అక్కడ పగలు 12:14కి గేటు చేరాం, తర్వాతి విమానం గేటు వదిలింది రాత్రి 9:03కి. 8 గంటల 49 నిమిషాలు ఇనుప కుర్చీల్లో. టికెట్టు కొనేటప్పుడు చూసుకోని పాపం. ఇంత నిరీక్షణ ఉంటే కొన్ని విమాన కంపెనీలు హోటల్ గది, భోజనం ఇస్తాయి. కానీ అది మనం ముందుగా అడిగితేనే, అంతకంటే తొందరగా ఇంకో విమానం లేకపోతేనే. ఎయిర్‌పోర్టులో దిగి కౌంటరు దగ్గర అడిగితే లాభం లేదు, అడిగి చూశాను. ఇద్దరికీ కాఫీలు, భోజనం కలిపి మన డబ్బుల్లో 4,200 అయ్యాయి.

తెల్లవారితే భోగి. భోగి పొగకు చెన్నైలో పొద్దుటి విమానాలు ఆలస్యం కావడం మామూలే కాబట్టి అర్ధరాత్రి దాటాక దిగేదాన్నే ఎంచుకున్నాం. ఈ ఒక్క విషయంలో ముందుచూపు పనిచేసింది. 2:08కి దిగి, పెట్టెలు తీసుకుని 3:35కి కారెక్కాం. గుమ్మిడిపూండి దాటాక మొదలయ్యాయి మంటలు. ఆరంబాకం, తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట దాకా హైవే పక్క ప్రతి ఊరి ముందూ ఒక ఎర్రటి కుప్ప, చుట్టూ దుప్పట్లు కప్పుకున్న పిల్లలు. పొగలో లైట్లు వేసుకుని మెల్లగా వచ్చాం. మా వీధి మలుపు తిరిగేసరికి 8:05. ఇంటి ముందు మంట బూడిదై ఉంది.

డాలస్‌లో పొద్దున 8 అంటే మన సాయంత్రం 7:30. అక్కడ్నుంచి లెక్కేసి 36 గంటల 35 నిమిషాలని రాసుకుంటుంటే, పెట్టెలు దించుతున్న డ్రైవరు ఎంతసేపు పట్టింది సార్ అన్నాడు. చెప్పాను.

"శనివారం పొద్దున ఎనిమిదికి బయల్దేరామన్నారు గదా సార్. ఇయాళ సోమారం పొద్దున ఎనిమిది. రెండు రోజులు గదా!"